ఐదుగురు ముఖ్యమంత్రులు, ఒక్కరే ఎండీ

మెట్రోను ఎవరు కట్టారని అడిగితే ఇంజనీర్లనో, కాంట్రాక్టు సంస్థనో, ముఖ్యమంత్రినో చూపిస్తాం. హైదరాబాద్ విషయంలో మాత్రం ఆ వరసలో ఒక అధికారిని కూడా చేర్చక తప్పదు. రైల్వే అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చిన ఎన్వీఎస్ రెడ్డి 2007 నుంచి 2025 సెప్టెంబరు దాకా హైదరాబాద్ మెట్రో రైల్ సంస్థకు మేనేజింగ్ డైరెక్టర్‌గా ఉన్నారు. ఈలోగా వైఎస్ రాజశేఖరరెడ్డి, రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి, కేసీఆర్, రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా పనిచేశారు, రాష్ట్రమే రెండయింది. కుర్చీ వేడెక్కకముందే బదిలీ ఉత్తర్వులు వచ్చే మన పాలనలో ఇది అరుదు. మెట్రో బతికి బట్టకట్టిందంటే, అందులో ఈ కొనసాగింపు పాత్ర చాలా పెద్దది.

ఆ దారి ఎంత గతుకులమయమో చూడండి. 2008లో మేటాస్ సంస్థ ప్రభుత్వ సాయం అక్కర్లేదని, తానే 30,311 కోట్ల రూపాయలు ఎదురు చెల్లిస్తానని చెప్పి టెండరు గెలిచింది. మరుసటి ఏడాది జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం బయటపడింది. దానితో ముడిపడిన మేటాస్ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం కోరుతూ పని దక్కించుకుంది. 2014లో రాష్ట్రం విడిపోగానే అసెంబ్లీ, సుల్తాన్‌బజార్ దగ్గర మార్గం మార్చాలన్న వివాదం వచ్చింది. ఇలాంటి ప్రతి మలుపులోనూ ఎవరు ఏ హామీ ఇచ్చారో, ఒప్పందంలో ఏ షరతు ఎందుకుందో తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో స్తంభాలు లేపడం కన్నా లెక్కలు కుదర్చడమే కష్టం. ఆ పనికి అకౌంట్స్ అధికారి అనుభవం ఉపకరించేదే.

ఫలితం హైటెక్ సిటీలో కనిపిస్తుంది. 1998లో అక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైతే, అక్కడికి మెట్రో 2019 మార్చిలో గానీ చేరలేదు. రాయదుర్గం దాకా సాగింది అదే ఏడాది నవంబరులో. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ మార్గం కూడా తెరుచుకోవడంతో మొత్తం 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. 2017 జూలై గడువు దాటింది, పాతబస్తీ భాగం మిగిలిపోయింది. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులు రాయదుర్గంలో దిగి మరో బండి వెతుక్కోవాల్సిందే. పైగా ఎల్ అండ్ టీ నష్టాలతో తప్పుకుంటానంటే, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకోవడానికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రియల్ ఎస్టేట్ ఆదాయాన్ని నమ్ముకున్న నమూనా ప్రమాదకరమని ఢిల్లీ మెట్రో సారథి ఈ.శ్రీధరన్ 2008లోనే హెచ్చరించారు. ఆ హెచ్చరికలో నిజముందని ఒప్పుకోవాలి. కానీ ఆ నమూనాను ఎంచుకున్నవి ప్రభుత్వాలు. కోవిడ్ కాలంలో ఖాళీ అయిన రైళ్లకు ఏ ఎండీనీ బాధ్యుణ్ని చేయలేం. ఆలస్యంలోనూ రాజకీయ వివాదాల వాటా తక్కువేమీ కాదు.

అసలు ఆలోచించాల్సిన అభ్యంతరం వేరు: పద్దెనిమిదేళ్ల అనుభవం ఒక్క మనిషి దగ్గరే పోగుపడితే, ఆయన వెళ్లాక సంస్థకు మిగిలేదేమిటి? ఎన్వీఎస్ రెడ్డిని సలహాదారుగా నియమించి, సర్ఫరాజ్ అహ్మద్‌కు పగ్గాలిచ్చారు. అప్పుతో కూడిన మెట్రో, కోకాపేట వైపు రెండో దశ ప్రతిపాదనలు కొత్త నాయకత్వం ముందున్నాయి. ఒక అధికారి ఓపిక వల్ల దొరికిన కొనసాగింపును ఇకమీదట నిబంధనగా మార్చాలి. మెట్రో ఎండీకి కనీసం ఐదేళ్ల నిర్ణీత పదవీకాలం, ఒప్పందాల చరిత్ర తెలిసిన శాశ్వత సిబ్బంది కావాలి. రెండో దశకు నిధులు అడుగుతున్న ప్రభుత్వం ముందుగా చేయాల్సిన పని ఇదే. దీనికి కోట్లు కూడా అక్కర్లేదు.