కాలువ గట్టు మీది ఆయిల్ ఇంజను

పల్నాడు జిల్లా రాజుపాలెం మండలంలో గానీ, దానికి ఇరువైపులా ఉన్న పిడుగురాళ్ల, సత్తెనపల్లి ప్రాంతాల్లో గానీ సేద్యపు నీటి సమస్యను పల్లానికీ మెరకకూ మధ్య ఉన్న ఎత్తు తేడాగా చెప్పవచ్చు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జున సాగర్ నుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైన తరువాత, కుడి కాలువ పల్నాటి మెట్ట స్వరూపాన్నే మార్చివేసింది. అయితే కాలువ నీరు తనంతట తాను పల్లానికే పారుతుంది కనుక, గట్టుకు పైన ఉన్న మిరప చేనుకూ పత్తి చేనుకూ ఆ నీటిని ఎవరో ఒకరు ఎత్తిపోయవలసిందే. ఒకప్పుడు ఆ పని మోటకు కట్టిన ఎడ్లు చేసేవి. ఒక జత ఎడ్లు నిలకడగా ఇవ్వగల శక్తి ఒక హార్స్ పవర్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ జతలు నాలుగైదు కలిసి చేయవలసిన పనిని, మేతా విశ్రాంతీ అడగకుండా, గంటకు లీటరు పైచిలుకు డీజిలుతో చేసిపెట్టిన యంత్రమే పెద్దవాళ్లు నేటికీ క్రూడాయిల్ ఇంజను అని పిలిచే ఆయిల్ ఇంజను.

ఆ పని ఎంతటిదో లెక్క వేసి చూడవచ్చు. అయిదు హార్స్ పవర్ అంటే సుమారు 3.7 కిలోవాట్లు. పంపులోనూ గొట్టాల్లోనూ అందులో సగం వృథా అవుతుందనుకున్నా, పది మీటర్ల ఎత్తుకు సెకనుకు 19 లీటర్ల చొప్పున, అంటే గంటకు దాదాపు 68 వేల లీటర్ల నీరు చేరుతుంది. ఎకరం చేనులో అయిదు సెంటీమీటర్ల మందాన నీరు నిలవాలంటే రెండు లక్షల లీటర్లు కావాలి కనుక, ఆ తడి మూడు గంటల్లో పూర్తవుతుంది.

ఈ ఇంజనుకు మూలమైన ఆలోచన రుడాల్ఫ్ డీజిల్‌ది. 1858లో పారిస్‌లో పుట్టిన ఈ జర్మన్ ఇంజనీరుకు 1893లో దాని మీద పేటెంటు లభించింది. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే. గాలిని ఒక్కసారిగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ గాలినే మొదటి పరిమాణంలో పదిహేనో వంతుకో పదిహేడో వంతుకో కుదిస్తే దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు అందులోకి చిమ్మిన నూనె నిప్పురవ్వ అవసరం లేకుండా తానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనులో ఉండే స్పార్కు ప్లగ్గు డీజిలు ఇంజనులో ఉండకపోవడానికి కారణం ఇదే. 1897లో ఔగ్స్‌బర్గ్‌లో జరిగిన అధికారిక పరీక్షలో డీజిల్ ఇంజను తనకు అందిన ఇంధన శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాల్లో చాలావాటికి 10 శాతం దాటడమే గగనం. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో అదే జాతి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచిందన్న సంగతి, ఆ పంటను తరతరాలుగా ఎరిగిన తెలుగు రైతుకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లీషు కాలువ దాటుతున్న ఓడ నుండి డీజిల్ అదృశ్యమయ్యాడు. తన ఇంజను పొలాల దాకా రావడాన్ని ఆయన చూడలేదు.

ఆయన చేసిన ఇంజను పొలానికి పనికివచ్చేది కూడా కాదు. అందులో నూనెను సిలిండరులోకి తోయడానికి వేరే కంప్రెసరు పుట్టించిన గాలి కావలసివచ్చేది. ఆ సరంజామా అంతా ఒక కర్మాగారపు షెడ్డులో తప్ప ఇమడదు. గాలి సాయం లేకుండా నూనెనే అధిక ఒత్తిడితో చిమ్మే చిన్న పంపును జర్మనీలోని బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టిన తరువాతనే డీజిలు ఇంజను కురచబడి, చవకై, ఊళ్ల దారి పట్టింది. ఆ దశలో ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ తెచ్చిన ఇంజను ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన పాత్ర. ఒక్క సిలిండరు, ఇరువైపులా రెండు బరువైన ఫ్లైవీళ్లు, నాలుగున్నర అంగుళాల బోరు, అయిదున్నర అంగుళాల స్ట్రోకు, అంటే సిలిండరు లోపలి వ్యాసమూ పిస్టను ఎక్కిదిగే దూరమూ. నిమిషానికి 600 చుట్లతో అయిదు హార్స్ పవర్. ఈ నెమ్మదితనాన్ని లోపంగా ఎంచడం పొరపాటు. తిరుగుడు తగ్గిన కొద్దీ ఒరపిడి తగ్గుతుంది, భాగాలు లావుగా ఉంటాయి, లావుగా ఉన్నదాన్ని మామూలు పనిముట్లతో విప్పి బిగించవచ్చు. అంటే దాన్ని గీసిన ఇంజనీరు మరమ్మతు చేసే చేతిని కూడా లెక్కలోకి తీసుకున్నాడన్నమాట.

భారతదేశంలో ఈ తరహా ఇంజను రెండు దారుల్లో వ్యాపించింది. పుణెలో 1946లో ఏర్పడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఒక దారి కాగా, లిస్టర్ నమూనాను పోతపోసి, చెక్కి, చవకగా అమ్మిన గుజరాత్‌లోని రాజ్‌కోట్ చిన్న కర్మాగారాలు రెండవ దారి. కిర్లోస్కర్ ఏవీ1 రకంలో బోరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110 మిల్లీమీటర్లు. నిమిషానికి 1500 చుట్లు తిరిగి అదే అయిదు హార్స్ పవర్ ఇస్తుంది. గంటకు లిస్టర్ 36 వేల చుట్లు తిరిగితే ఇది 90 వేలు తిరుగుతుంది కనుక, బరువు తగ్గిన మేరకు నూనె శుభ్రత మీదా బేరింగుల మీదా శ్రద్ధ పెరగాలి.

ఈ యంత్రంలో నిజంగా అబ్బురపడవలసినది బయటికి కనిపించే ఫ్లైవీలు కాదు, బొటనవేలంత నాజిలు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి నూనె పడుతుంది. 1500 చుట్ల ఇంజనులో నిమిషానికి 750 సార్లు, గంటకు 45 వేల సార్లు. గంటకు ఖర్చయ్యే లీటరు పైచిలుకు డీజిలును అన్ని పాళ్లు చేస్తే ఒక్కో పాలు నీటిచుక్కలో సగం ఉంటుంది. ఆ అరచుక్కను సుమారు 200 బార్ల ఒత్తిడితో, అంటే వాతావరణ పీడనానికి రెండు వందల రెట్లతో, సెకనులో నాలుగైదు వందల వంతు వ్యవధిలో మంచులా చిమ్మాలి. అందుకోసం పంపులోని ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య ఎడం రెండు మూడు మైక్రాన్లకు మించకూడదు. తల వెంట్రుక మందం దానికి పాతిక రెట్లు ఉంటుంది. పొలం దుమ్ములో మూత తీసి ఉంచిన డీజిలు డబ్బా ఈ ఇంజనుకు ఎంత శత్రువో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక నడిపే తీరుకు వస్తే, డీకంప్రెషన్ లివరు ఎత్తితే వాల్వు తెరుచుకుని సిలిండరులో గాలి బిగువు పోతుంది. అప్పుడు హ్యాండిలు తేలికగా తిరుగుతుంది. ఫ్లైవీలు వేగం అందుకున్నాక లివరు వదిలితే, అందులో నిలవైన ఊపు పిస్టనును బిగువు దాటిస్తుంది, ఇంజను అందుకుంటుంది. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచాలన్నది అనుభవజ్ఞుల మొదటి పాఠం. ఇంజను వెనక్కు తన్నితే, హ్యాండిలును చుట్టిపట్టిన బొటనవేలు విరుగుతుంది. పంపు తోడే నీటిలో కొంత ఇంజను చుట్టూ తిరిగి చిన్న గొట్టం గుండా బయటికి వచ్చే ఏర్పాటు చాలా పంపుసెట్లలో ఉంటుంది. ఆ నీటి కింద చెయ్యి పెట్టి, కాలితే నీరు సరిగా అందడం లేదని రైతు తెలుసుకుంటాడు.

మెకానిక్కు పొగ రంగే మొదటి ఆధారం. నల్ల పొగ అంటే నూనె ఎక్కువైంది, లేదా గాలి చాలలేదు, లేదా నాజిలు చిమ్మడం మాని కారుతోంది. నీలి పొగ అంటే రింగులు అరిగి, అడుగున ఉండే ఇంజనాయిలు పైకెక్కి మండుతోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే డీజిలు మండకుండానే పోతోంది, లేదా హెడ్డు గ్యాస్కెట్టు నుండి నీరు లోపలికి దిగుతోంది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపులో గాలి చిక్కుకుంటుంది. గాలి నొక్కితే కుదించుకుపోతుంది గనుక పంపు ఎంత నొక్కినా నాజిలు తెరుచుకోదు. బోల్టు వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా ఎయిరు తీయడమే దానికి విరుగుడు. అరిగిన వాల్వును పేస్టు రాసి సీటు మీద చేత్తో తిప్పుతూ నూరితే, చుట్టూ చెరగని బూడిదరంగు గీత పడినప్పుడు బిగువు తిరిగి వస్తుంది. ఈ పనుల్లో దేనికీ కంప్యూటరు అక్కరలేదు. అయితే ప్రతి పనికీ కారణం తెలిసిన బుర్ర కావాలి.

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక బోర్ల దగ్గర ఆయిల్ ఇంజనుకు పని తగ్గింది. కరెంటు తీగ చేరని కాలువ గట్టు మీదా, వాగు ఒడ్డునా, చివరి తడికి నీరందని ఏడాదిలోనూ మాత్రమే దానికి పిలుపు వస్తోంది. డర్స్‌లీలో ఆ పాత ఇంజను తయారీ 1987లో ఆగిపోయింది. ఊళ్లలో పశువుల కొట్టాల వెనక తుప్పు పడుతున్న ఇంజన్లు కిలోల లెక్కన పాత ఇనుప సామాను వ్యాపారికి చేరకముందే, రాజుపాలెం మండలంలోని ఉన్నత పాఠశాలలు కనీసం ఒక్క ఇంజనును సంపాదించి, సిలిండరును ఒక పక్క కోయించి, పిస్టనూ వాల్వులూ నాజిలూ కనబడేలా సైన్సు గదిలో నిలపాలి. హ్యాండిలు తిప్పి చూపడానికి ఊళ్లోని పాత మెకానిక్కును పిలవాలి.