వేలిముద్రలు అరిగిపోయాక

ముసలివాళ్ళకు ప్రభుత్వం పింఛను ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, దాన్ని విప్పి చూస్తే లోపల ఉండేవి రెండే ప్రశ్నలు. నీ వయసెంత? వచ్చింది నువ్వేనా? డేటాబేసుల మీద బతికే మనలాంటివాళ్ళకు మొదటిది ఒక డేట్ ఫీల్డు, రెండోది ఒక ఆథెంటికేషన్ కాల్. మధ్యాహ్నం భోజనంలోపు రాసి పడెయ్యొచ్చు అనిపిస్తుంది. నేను ప్రస్తుతం రంగూన్‌లో తామ్వే పేటలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగు పెద్దవాళ్ళతో మాట్లాడుతుంటే, ఈ రెండు ప్రశ్నలే అన్నిటికంటే కష్టమైనవని అర్థమవుతోంది.

ముందు ఇక్కడి పథకం సంగతి. మ్యాన్మార్ ప్రభుత్వం 2017లో మొదటిసారిగా సామాజిక పింఛను పెట్టింది. 90 ఏళ్ళు దాటినవారికి నెలకు 10,000 క్యాట్లు. అప్పటి మారకంలో ఏడెనిమిది డాలర్లు. 2018లో వయసును 85కు తగ్గించారు. మరీ 90 ఏమిటి అని నవ్వు రావచ్చు గానీ అందులో ఒక ఇంజనీరింగు లెక్క ఉంది. పింఛను పథకానికి తిప్పడానికి మూడు మరలు ఉంటాయి: ఎంత సొమ్ము, ఏ వయసు, ఎంత పేదరికం. పేదరికం కొలవడం ఖరీదైన పని, లంచాలకు తలుపు తెరిచే పని. డబ్బు లేని ప్రభుత్వం ఆ మర ముట్టుకోకుండా వయసు మరను చివరిదాకా బిగించింది. ఆస్తి ఎంత అని అడగక్కర్లేదు, వయసు తేలితే చాలు.

ఆ వయసు తేలడమే తంటా.

మా వీధి చివర ఒక మామ్మగారున్నారు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద ఇక్కడివాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. మీ వయసెంత మామ్మా అంటే ఆవిడ చెప్పే జవాబు ఇది: "జపానోడి బాంబులు పడ్డప్పుడు నాను సంకలో పిల్లని." రంగూన్ మీద మొదటి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. అప్పటికి ఏడాది పిల్ల అనుకుంటే 1940లో పుట్టినట్టు. కార్డులో మాత్రం 1944 అని ఉంది. ఎవరో గుమాస్తా మనిషిని చూసి వేసిన అంచనా. నోటి లెక్కన 2018లో గీసిన 85 గీత దాటినట్టే, కార్డు లెక్కన ఇంకా దూరంలోనే ఉంది. జనాభా సర్వేలు చేసేవాళ్ళు నిజానికి మామ్మగారి పద్ధతినే వాడతారు. ఏ వరదప్పుడు, ఏ యుద్ధమప్పుడు మీరెంత ఉన్నారు అని అడిగి, సంఘటనల పట్టిక పక్కన పెట్టుకుని పుట్టిన ఏడు పట్టుకుంటారు. కార్డు ముద్రించే కార్యాలయంలో ఆ పట్టికకు చోటు లేదు.

కార్డు ఉండడం కూడా ఇక్కడి భారతీయులకు చిన్న విషయం కాదు. 1942లో లక్షలమంది కాలినడకన అస్సాం దారి పట్టారు. 1964 తర్వాత, దుకాణాలు జాతీయం చేశాక, మరెంతోమంది ఓడలెక్కారు. విశాఖలో, విజయవాడలో బర్మా కాలనీలు అలా వచ్చినవే. ఉండిపోయినవాళ్ళకు 1982 పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కు ముందు నుంచీ ఈ నేలమీద ఉన్న జాతులకు పూర్తి పౌరసత్వం, మిగతావారికి రెండు దిగువ తరగతులు. కార్డుల రంగులే వేరు: గులాబీ, నీలం, ఆకుపచ్చ. 1948 జనవరి 4కు ముందే ఇక్కడున్నామని రుజువు చూపించమంటే, యుద్ధంలో ఇల్లు కాలినవాడు ఏం చూపిస్తాడు?

పేర్ల గొడవ మరొకటి. బర్మీయులకు ఇంటిపేరు ఉండదు. మనవాళ్ళకు ఇంట్లో తెలుగు పేరు, కార్డు మీద బర్మా పేరు. దీనికి తోడు ఈ దేశంలో ఏళ్ళ తరబడి కంప్యూటర్లలో జాజీ అనే ఫాంటు పద్ధతి నడిచింది. 2019 అక్టోబరు 1న అధికారికంగా యూనికోడ్‌కు మారారు. కంటికి ఒకేలా కనిపించే పేరు, పాత ఫైల్లో ఒక బైట్ల వరస, కొత్త ఫైల్లో మరో వరస. వెతికితే దొరకదు. తెలుగులో పాత ఫాంట్లతో కుస్తీ పట్టినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇదంతా బర్మా భాగోతం, మనకేం అనుకోకండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు నాలుగు తీసి చూడండి. వాటిలో జనవరి 1న పుట్టినవాళ్ళు ఎందరో! నమోదు రోజున వయసు మాత్రమే చెప్పినవారికి సాఫ్ట్‌వేర్ సంవత్సరం లెక్కగట్టి తేదీ అలా నింపింది. ఆధార్ వ్యవస్థ లోపల ఆ తేదీ రుజువు చూసి రాసిందా, మనిషి చెప్పిందా, అంచనానా అనే గుర్తు ఉంటుంది. మంచి డిజైను. కానీ కార్డు మీద అచ్చయ్యాక పంచాయతీలో అది తిరుగులేని తేదీ అయిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను వయసు 2019లో 65 నుంచి 60కి దిగింది. సొమ్ము 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా 2019లో 2,016 అయింది. కూలి ఆగిపోయిన ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అంచనాలో రెండేళ్ళు తేడా వస్తే ఆంధ్రాలో పోయేది దాదాపు లక్ష.

ఇక రెండో ప్రశ్న. వేలిముద్ర అంటే చర్మం మీది గట్లు. నాట్లు వేసి, గిన్నెలు తోమి, ఇటుకలు మోసిన చేతులకు ఆ గట్లు అరిగిపోతాయి. వయసుతో చర్మం ఎండి ముడతలు పడుతుంది. సరిపోల్చే ప్రోగ్రాముకు ఒక హద్దు పెట్టాలి. హద్దు వదులు చేస్తే ఒకరి సొమ్ము మరొకరు ఎత్తుకుపోతారు, బిగిస్తే అసలు మనిషే బయట నిలబడతాడు. రెండూ ఒకేసారి సున్నా కావు. 2024 జూలైలో ఆంధ్రాలో అన్ని రకాల పింఛనుదారులూ కలిపి సుమారు 65 లక్షలు. లెక్క కోసం నూటికి ఒక్కరి ముద్ర పడలేదనుకోండి, 65 వేలమంది. మనం 99 శాతం అని స్లైడులో గొప్పగా రాసుకునే అంకె అది. పైగా ముద్ర చెదిరినా, వేరే మనిషి వచ్చినా తెర మీద జవాబు ఒకటే: సరిపోలలేదు.

అలాగని యంత్రాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీ, పింఛన్లకు వేలిముద్ర స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు మురళీధరన్, నీహౌస్, సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో పరిశోధన చేశారు. 2016లో అచ్చయింది. దొంగ చెల్లింపులు తగ్గాయి, లబ్ధిదారుల్లో ఎక్కువమంది పాత పద్ధతికంటే ఇదే మేలన్నారు. నా దృష్టిలో అందులో అసలు కీలకం వేరే ఉంది. కార్డు రానివాళ్ళకు చెల్లింపు ఆపలేదు, పాత దారి తెరిచే ఉంచారు.

ఆ దారి ఎంత ముఖ్యమో 2024 వేసవిలో తెలిసింది. ఎన్నికల సంఘం వాలంటీర్లను పంపిణీకి దూరం పెట్టడంతో ఏప్రిల్లో చాలామంది ముసలివాళ్ళు మండుటెండలో సచివాలయాలకు నడవాల్సి వచ్చింది. మే నెలలో సొమ్ము బ్యాంకు ఖాతాల్లో వేస్తే క్యూ బ్యాంకుల ముందుకు మారింది. సర్వర్లు బాగానే ఉన్నాయి. లేనిది గడప దాకా వచ్చే మనిషి.

ఇలాంటి వ్యవస్థలు కట్టే పనిలో మీరుంటే నేను అడిగేవి మూడు. పుట్టిన తేదీ పక్కనే అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక కాలమ్ పెట్టి, దాన్ని కిటికీ దగ్గర గుమాస్తాకు కనిపించనివ్వండి. మనిషి కాదన్నందుకూ, ముద్ర పడనందుకూ వేర్వేరు కోడ్లు ఇవ్వండి. ముద్ర పడనప్పుడు తన పేరు మీద సంతకం పెట్టి సొమ్ము ఇచ్చే అధికారం ఒక ఉద్యోగికి ఇవ్వండి, ఎవరు ఎన్నిసార్లు వాడారో లాగ్‌లో ఉంచండి.

మీ తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. 2014లో వేలిముద్రతో మొదలైన ఆన్‌లైన్ పద్ధతికి 2021 నుంచి ముఖం చూపించే వీలు కూడా వచ్చింది, స్మార్ట్‌ఫోను చాలు. ముద్ర పడటం లేదని నాన్నగారు రెండోసారి బ్యాంకుకు బయల్దేరేముందు అది చేయించండి. ఆ నెలల్లో వాళ్ళు మీ దగ్గరే ఉంటే, భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ అధికారి ధృవీకరణ కూడా చెల్లుతుంది. అక్టోబరులోనే ఫోన్ చేసి కనుక్కోండి.