చదువు కోసం ఓడెక్కిన తొలి రోజు

1888 సెప్టెంబరు 4న బొంబాయి రేవులో ‘క్లైడ్’ అనే ఆవిరి ఓడ ఎక్కిన మోహన్‌దాస్ గాంధీకి అప్పటికి 19 ఏళ్లు నిండలేదు. లండన్‌లో బారిస్టరు చదవడం ఆయన లక్ష్యం. 1914 మార్చి 17న మద్రాసులో ‘నెవాసా’ ఎక్కిన శ్రీనివాస రామానుజన్‌కు 26 ఏళ్లు. కేంబ్రిడ్జిలో ఆయన కోసం గణితవేత్త హార్డీ ఎదురుచూస్తున్నారు. 1930 జులై 31న బొంబాయిలో ‘పిల్స్‌నా’ ఎక్కిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు 19 ఏళ్లు. ఆయన వెళుతున్నదీ కేంబ్రిడ్జికే.

ఈ ముగ్గురూ తర్వాత ఎంతటివాళ్లయ్యారో మనకు తెలుసు. ఓడ మీద మొదటి రోజుల్లో మాత్రం ఒకరు భోజనాల గదిలోకి అడుగు పెట్టలేకపోయారు, మిగిలిన ఇద్దరికీ కడుపులో తిండి నిలవలేదు. వాళ్ల చదువుకూ తెలివికీ ఈ ఇబ్బందితో సంబంధం లేదు. అది గాలి నుంచి, చెవి నుంచి, ఇంటి కట్టుబాట్ల నుంచి, కొత్త భాష నుంచి వచ్చింది. దేని వల్ల ఏ ఇబ్బంది కలిగిందో విడదీసి చూస్తే, ఇవాళ విమానమెక్కి వెళుతున్న మన పిల్లల తొలి రోజులు కూడా మరింత బాగా అర్థమవుతాయి.

రేవు దాటకముందే

ఓడ కదలకముందే సగం బరువు మనసు మీద పడేది. సముద్రయానాన్ని పాపాల జాబితాలో చేర్చిన గ్రంథాల్లో బౌధాయన ధర్మసూత్రం ఒకటి. ఆ నమ్మకం పందొమ్మిదో శతాబ్దం చివరికి కూడా అగ్రవర్ణ కుటుంబాల్లో గట్టిగా ఉండేది. గాంధీ ప్రయాణం సంగతి తెలిసి ఆయన కులపెద్దలు బొంబాయిలో సభ పెట్టారు. వెళ్లవద్దన్నారు. ఆయన వినకపోవడంతో కులం నుంచి వెలివేశారు. సాయం చేసినవాళ్లకు, రేవుకు వెళ్లి సాగనంపినవాళ్లకు రూపాయి నాలుగణాల జరిమానా విధిస్తామన్నారు. దాంతో ప్రయాణపు డబ్బు దాచిపెట్టిన బావగారు వెనకడుగు వేశారు. చివరికి ఒక స్నేహితుడి దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. తల్లి ముందు చేసిన మూడు ప్రమాణాలు ఉండనే ఉన్నాయి: మాంసం ముట్టనని, మద్యం ముట్టనని, పరస్త్రీ జోలికి పోనని. ఇంటి దగ్గర నెలల బిడ్డ.

రామానుజన్ విషయంలో అమ్మ ఒప్పుకోవడమే పెద్ద మలుపు. ప్రయాణానికి ముందే తల్లిని, భార్యను కుంభకోణం పంపించేసి ఆ తర్వాతే పిలక తీయించుకున్నారు. అమ్మ కళ్లెదుట ఆ పని చేయలేకపోయారు. ఓడెక్కేనాటికి తలకట్టు మారింది, బట్టలు మారాయి, కాళ్లకు బూట్లు వచ్చాయి.

చంద్రశేఖర్ కాలానికి కులం అభ్యంతరాలు చాలావరకు సడలాయి. ఆయన బాధ వేరు. తల్లి జబ్బుతో మంచంలో ఉన్నారు. అయినా వెళ్లమని ప్రోత్సహించింది ఆ తల్లే. మరుసటి ఏడాది ఆమె కన్నుమూశారు. కొడుకు అప్పటికి ఇంగ్లండులోనే ఉన్నారు.

ఒక సంగతి మరవకూడదు. సముద్రం దాటితే పాపమా కాదా అని కొన్ని కులాల్లో తర్జనభర్జన జరుగుతున్న కాలంలోనే వేలాదిమంది తెలుగు కూలీలు మన కోస్తా రేవుల నుంచి రంగూన్ వెళ్లి పనిచేసి వస్తూ ఉండేవారు. గోదావరి ప్రాంతపు తీరంలోని కొరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్లకు ‘కొరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. సముద్రం ఇద్దరికీ ఒకటే. కడుపు నింపుకోవడానికి వెళ్లేవాళ్లను ఆపని కట్టుబాటు చదువుకోవడానికి వెళ్లేవాళ్ల దారికి అడ్డం పడింది. వి.వి.గిరి న్యాయశాస్త్రం కోసం బరంపురం నుంచి 1913లో డబ్లిన్ వెళ్లారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూడా ఆ దశాబ్దంలోనే ఎడిన్‌బరోలో చదువుకున్నారు. ఆనాటికి ఆ అడ్డు క్రమంగా తొలగుతోంది.

ఏ నెలలో ఎక్కారన్నది ముఖ్యం

గాంధీ ప్రయాణమవుతున్నప్పుడు జూన్, జులై నెలల్లో సముద్రం పోటు మీద ఉంటుందని తెలిసినవాళ్లు ఆయన అన్నగారిని హెచ్చరించారు. మొదటి ప్రయాణం కదా, నవంబరు దాకా ఆగమన్నారు. తుపానులో ఈమధ్యే ఒక ఓడ మునిగిందని మరొకరు చెప్పారు. ఆ సలహాలో నిజముంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఆఫ్రికా తీరం నుంచి అరేబియా సముద్రం మీదుగా మన వైపు బలంగా వీస్తాయి. మనకు వానలు తెచ్చే గాలులు ఇవే. బొంబాయి నుంచి ఏడెన్‌కు వెళ్లే ఓడ పడమటికి సాగాలి. అంటే గాలికీ అలకూ ఎదురు నడవాలి. ముక్కు భాగం అల మీదికి లేచి దబ్బున దిగుతుంది. వెనక భాగం దానికి విరుద్ధంగా ఆడుతుంది.

గాంధీ బయలుదేరిన సెప్టెంబరు మొదటివారానికి గాలి తగ్గుముఖం పట్టి ఉంటుంది. తనకు ఓడలో కడుపు తిప్పనే లేదని ఆయన తర్వాత రాసుకున్నారు. చంద్రశేఖర్ ఎక్కింది నడి వానాకాలంలో. మొదటి రోజులు ఓడ ఊగిసలాటతోనే గడిచాయి. సముద్రం నెమ్మదించాకే ఆయన కాగితం, కలం పట్టుకోగలిగారు.

చెవిలోని రసమట్టం

ఓడలో ఎందుకు వాంతి వస్తుంది? సమాధానం కడుపులో కాదు, చెవి లోపల ఉంది. లోపలి చెవిలో అర్ధవలయాకారపు గొట్టాలు మూడున్నాయి. వాటిలో ఒక ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను అక్కడి సన్నటి కేశాల వంటి కణాలు మెదడుకు చేరవేస్తాయి. వాటి పక్కనే సున్నపు స్ఫటికాలు పొదిగిన మరో రెండు చిన్న సంచులున్నాయి. పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరిగే కదలికను అవి కనిపెడతాయి. మేస్త్రీ గోడ మీద పెట్టి చూసుకునే రసమట్టం లాంటిది ఈ ఏర్పాటంతా.

క్యాబిన్‌లో కూర్చున్నవాడి కళ్లకు మంచం, గోడ, బల్ల అన్నీ కదలకుండా కనిపిస్తాయి. చెవి మాత్రం కదులుతున్నావనే చెబుతుంది. రెండు సాక్ష్యాలు పొసగక మెదడు గందరగోళపడుతుంది. చెమట, ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, చివరికి వాంతి దాని ఫలితాలు. ఊపు మరీ వేగంగా ఉన్నా, మరీ నెమ్మదిగా ఉన్నా బాధ తక్కువే. సుమారు అయిదు సెకన్లకొకసారి పైకీ కిందికీ ఆడే ఊపు అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. పెద్ద ఓడలు అలల మీద దాదాపు ఇలాగే ఊగుతాయి.

అనుభవమున్న ప్రయాణికులు చెప్పే చిట్కాలన్నీ దీనితోనే అర్థమవుతాయి. డెక్కు మీదికి వెళ్లి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసేచోటు చూడమంటారు. అప్పుడు కళ్లు కూడా కదలికను ఒప్పుకుంటాయి. ఓడ నడిమధ్యలో, కింది అంతస్తులో ఉన్న గది మేలంటారు. అక్కడ ఊపు తక్కువ. కొత్తవాళ్లు చేసేది సరిగ్గా దీనికి విరుద్ధం. బాగా లేదని క్యాబిన్‌లోకి వెళ్లి తలుపేసుకుంటారు, పుస్తకం తెరుస్తారు. బాధ పెరుగుతుంది.

ఇది పిరికితనమూ కాదు, బలహీనతా కాదు. ఇంగ్లండు నౌకాదళానికి వీరుడిగా పేరు తెచ్చిన నెల్సన్ కూడా జీవితమంతా ఈ బాధ పడ్డవాడే. చాలామందికి రెండు మూడు రోజుల్లో మెదడు కొత్త లెక్కకు అలవాటుపడి తిప్పడం ఆగిపోతుంది. రామానుజన్ కూడా మొదట్లో సరిగా తినలేకపోయారు. తర్వాత కుదుటపడ్డారు.

తిండి, మాట

గాంధీకి కడుపు తిప్పలేదు, కానీ నోరు పెగల్లేదు. రాజ్‌కోట్ హైస్కూలులో వీడ్కోలు సభ పెడితే రాసుకొచ్చిన నాలుగు ముక్కలు కూడా తడబడుతూ చదివిన కుర్రాడాయన. ఓడలో ఇంగ్లీషు తప్ప మరో మాట వినిపించదు. ఎదుటివాళ్లు అడిగింది అర్థం కాదు. అర్థమైతే జవాబు తట్టదు. ప్రతి వాక్యం ముందు మనసులో కూర్చుకుంటే గానీ బయటికి రాదు. వడ్డించే స్టీవార్డుతో మాట్లాడటానికే సిగ్గు. చాకూ ఫోర్కూ పట్టడం తెలియదు. బల్ల మీదున్న వంటకాల్లో మాంసం లేనిదేదో అడగడానికి ధైర్యం లేదు. అడగకుండా తింటే తల్లికిచ్చిన మాట ఏమవుతుందో తెలియదు. అందుకే భోజనాల గదికి పోకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్లతో క్యాబిన్‌లోనే కడుపు నింపుకున్నారు. జనం పలచబడ్డాక గానీ డెక్కు మీదికి వెళ్లేవారు కాదు.

ఆ క్యాబిన్‌లోనే జునాగఢ్ వకీలు త్ర్యంబకరాయ్ మజ్ముదార్ ఉన్నారు. వయసులో పెద్ద, లోకం చూసినవారు. అందరితో కలుపుగోలుగా మెలిగేవారు. వకీలు కావాలనుకునేవాడికి నోరుండాలని, పరాయి భాషలో తప్పులు సహజమని, భయపడకుండా మాట్లాడమని కుర్రాడికి పదేపదే చెప్పారు. గాంధీ బెరుకు ఆ ప్రయాణంలో పోలేదు. ఆ మాటలు మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత ఆత్మకథ రాసేటప్పుడు కూడా ఆయనకు గుర్తున్నాయి. స్నేహితులు పడక అదే గదిలో ఇప్పించి, కుర్రాణ్ణి వకీలుగారికి అప్పగించడమే ఆ ప్రయాణానికి జరిగిన అతి మంచి ఏర్పాటు.

రోజుకు పావుగంట

1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆఫ్రికా చుట్టూ తిరగాల్సిన నెలల ప్రయాణం వారాలకు తగ్గింది. చంద్రశేఖర్ జులై 31న బయలుదేరి, వెనిస్‌లో ఓడ దిగి, రైల్లో ఆగస్టు 19కి లండన్ చేరారు. సుమారు 19 రోజులు. బొంబాయికీ గ్రీనిచ్‌కీ మధ్య రేఖాంశాల్లో తేడా దాదాపు 73 డిగ్రీలు. 15 డిగ్రీలకు గంట చొప్పున చూస్తే సుమారు 4 గంటల 50 నిమిషాలు. అంటే పడమటికి సాగుతూ రోజుకు పావుగంట చొప్పున గడియారం వెనక్కి తిప్పుకుంటే చాలు. నిద్ర చెడదు, ఆకలి వేళ తప్పదు.

ఒంటిలోని గడియారం రోజుకు దాదాపు గంట మేరకే సర్దుకోగలదు. ఇవాళ హైదరాబాద్ నుంచి బయలుదేరిన విద్యార్థి ఒక్క రోజులో షికాగో చేరుకుంటాడు. అక్కడి వేళ మనకంటే పదిన్నర, పదకొండున్నర గంటలు వెనక. ఓడ వారాల తరబడి కొద్దికొద్దిగా మోపిన బరువును విమానం ఒక్కసారిగా నెత్తిన పడేస్తుంది. నిద్ర, తిండి, భాష, చలి, ఒంటరితనం అన్నీ ఒకే రాత్రి ఎదురవుతాయి.

ఓడ ఇచ్చిన ఆ తీరిక విలువ ఎంతటిదో చంద్రశేఖర్ ప్రయాణమే చెబుతుంది. సముద్రం నెమ్మదించాక ఆయన తెల్ల మరుగుజ్జు నక్షత్రాల లెక్కలు ముందేసుకున్నారు. నక్షత్రం లోపల ఎలక్ట్రాన్లు కాంతివేగానికి దగ్గరగా పరుగెడుతుంటాయి కాబట్టి సాపేక్షతా సిద్ధాంతాన్ని కూడా కలపాలని ఆయనకు తట్టింది. కలిపి చూస్తే అలాంటి నక్షత్రం బరువుకు ఒక హద్దు ఉందని తేలింది. ఇప్పటి లెక్కల్లో అది సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన కృషికి బీజం ఆ ఓడలోనే పడింది.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

వెళ్లిన మొదటి వారంలో పిల్ల ఫోన్‌లో ఏడ్చిందనో, తినలేకపోతున్నాడనో, తరగతిలో నోరు మెదపలేకపోతున్నాడనో మనం కంగారుపడతాం. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు ఆ కంగారు రెట్టింపు. ఆ వారంతోనే బిడ్డ సత్తాను తూచకండి. ఓడలో చెవి కుదుటపడటానికి రెండు మూడు రోజులు పట్టేది; ఇవాళ ఒంటి గడియారానికి పది పదకొండు రోజులు కావాలి. నాలుక సాగడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ వ్యవధిలో “బాగా చదువుతున్నావా” అని అడగకుండా “నిద్ర పడుతోందా, ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు” అని అడగాలి. అక్కడ ముందే ఉన్న ఒక పెద్ద విద్యార్థికి మన పిల్లల్ని అప్పగించగలిగితే ఇంకా మంచిది. అక్కడ స్థిరపడ్డవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లను మొదటి వారం పలకరిస్తే అదే పెద్ద ఆసరా. ఆ రోజుల్లో ఓడ ప్రయాణం తనంతట తానే ఇచ్చిన వ్యవధిని ఇవాళ మన ఓపికతో మనమే ఇవ్వాలి.