ఎముకల పాఠానికి ఉమ్మడి నల్గొండే పుస్తకం

నర్సింగ్ తొలి ఏడాది విద్యార్థులకు ఫ్లోరోసిస్ చెప్పే శరీర ధర్మ శాస్త్రం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: నర్సింగ్‌లో చేరిన విద్యార్థినుల చేతికి ముందుగా వచ్చే బరువైన పుస్తకం శరీర నిర్మాణ శాస్త్రానిదే. జీఎన్ఎం మొదటి సంవత్సరంలో ఇది బయోసైన్సెస్ కింద వస్తుంది. భారతీయ నర్సింగ్ మండలి 2021లో ప్రకటించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్య ప్రణాళికలో తొలి సెమిస్టరులోనే శరీర నిర్మాణానికి 60 గంటలు, శరీర ధర్మాలకు మరో 60 గంటలు కేటాయించారు. పేర్లు కంఠస్థం చేయడంతోనే ఆ గంటల్లో సగం గడిచిపోతాయి. వయోజనుడి దేహంలో ఎముకలు 206 అన్న జవాబుకు పరీక్షలో మార్కులు పడతాయి. వార్డులో మంచంపై ఉన్న వృద్ధుడు పక్కకు చూడాలంటే మెడ తిప్పలేక మొత్తం శరీరాన్నే తిప్పుతున్నాడెందుకో ఆ అంకె చెప్పదు.

దానికి జవాబు ఈ ప్రాంతపు నేలలోనే ఉంది. ఉమ్మడి నల్గొండ జిల్లా పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కింది ఫ్లోరోసిస్ వల్లనే. భారతదేశంలో ఈ వ్యాధి గురించి 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతం నుంచి వెల్లడించారు. నిజాం పాలన ముగిసిన కొన్నేళ్లకు, 1955లో, నల్గొండ రోగులపై సిద్ధిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాకు, మిర్యాలగూడ మరో జిల్లాకు చెందాయి. రోగాలకు మాత్రం ఆ సరిహద్దు వర్తించదు.

ఎముక రాయి కాదు

గోడకు వేలాడే అస్థిపంజరాన్ని చూసి ఎముకను ఎండు కర్రలా ఊహించుకోవడం చాలామంది చేసే పొరపాటు. బతికున్న మనిషిలో అది రక్తనాళాలు, నాడులు ఉన్న సజీవ కణజాలం. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, మిగిలినది ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు. సిమెంటు దూలంలో ఇనుప చువ్వల మాదిరిగా కొల్లాజెన్ పోగులు సాగే గుణాన్ని ఇస్తే, కాల్షియం, ఫాస్ఫేటుతో ఏర్పడిన హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలు గట్టిదనాన్ని ఇస్తాయి.

ఈ నిర్మాణం ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరిగిస్తూ ఉంటాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ ఖాళీలో కొత్త ఎముకను పోస్తుంటాయి. వయోజనుల అస్థిపంజరం దాదాపు పదేళ్లలో ఇలా పునర్నిర్మితమవుతుందని అంచనా. అంటే ఇవాళ ఉన్న ఎముక గత పదేళ్లలో తిన్న తిండితో, తాగిన నీటితో తయారైందన్నమాట.

ఇంత శ్రమ ఎందుకంటే, దేహంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ దంతాల్లోనూ నిల్వ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క శాతం మీదే గుండె కొట్టుకోవడం, కండరాలు ముడుచుకోవడం, రక్తం గడ్డకట్టడం ఆధారపడి ఉన్నాయి. రక్తంలో కాల్షియం 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అది తగ్గితే మెడలో థైరాయిడ్ వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను వదిలి ఎముక నుంచి కాల్షియాన్ని రప్పిస్తాయి. ఎండ తగిలిన చర్మంలో తయారయ్యే డి విటమిన్ కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండంలో మరో మార్పు పొంది, పేగు నుంచి కాల్షియం గ్రహించడానికి తోడ్పడుతుంది. చర్మం, కాలేయం, మూత్రపిండం, పేగు, గ్రంథి, ఎముక.. పుస్తకంలో ఆరు వేర్వేరు అధ్యాయాలు. దేహంలో ఒకే పని.

ఫ్లోరైడ్ ఎక్కడ చొరబడుతుంది?

ఈ ప్రాంతం గ్రానైటు రాతినేల. రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు కలిసి ఉంటాయి. భూగర్భ జలం ఏళ్ల తరబడి ఆ రాతి పగుళ్లలో నిలిచినకొద్దీ ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. వర్షాలు తక్కువై బోర్లు లోతుకు పోయినచోట ముప్పు హెచ్చుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

నీటితో లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్‌ను జీర్ణాశయం, చిన్నపేగు త్వరగానే పీల్చుకుంటాయి. అందులో కొంత మూత్రం ద్వారా పోతుంది. వయోజనుల్లో సుమారు సగం ఎముకల్లో చేరుతుంది. పెరిగే ఎముక దాన్ని మరింత ఆకర్షిస్తుంది కనుక పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో విసర్జన తగ్గి నిల్వ పెరుగుతుంది. ఎముకలోని స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమించడంతో ఫ్లోరపటైట్ ఏర్పడుతుంది. అది తేలికగా కరగదు. అవసరానికి కాల్షియం ఇవ్వాల్సిన నిల్వ అలా బిగుసుకుపోతే పారాథైరాయిడ్ గ్రంథులు మరింత హార్మోను వదలాల్సి వస్తుంది. ఆహారంలో కాల్షియం తక్కువైన పేద ఇళ్లలో వ్యాధి తీవ్రంగా కనిపించడానికి ఇది ఒక కారణం.

ఫ్లోరైడ్ మరోవైపు ఆస్టియోబ్లాస్టులను ఉసిగొల్పుతుంది. ఎముక మందమవుతుంది గానీ నాణ్యమైనది కాదు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు సున్నం కొట్టినట్లు తెల్లగా కనిపిస్తాయి. ఎముకలను కలిపే సంధిబంధనాల్లోనూ కాల్షియం పేరుకుంటుంది. ముంజేతిలో రెండు ఎముకల నడుమ ఉండే పలుచని పొర గట్టిపడి ముళ్లలా కనిపించడం ఫ్లోరోసిస్‌కు బలమైన ఆనవాలు. వెన్నెముకలోని సంధిబంధనాలు బిగుసుకుని వెన్నుపాము ఉండే మార్గం ఇరుకైతే కాళ్లలో తిమ్మిరి, బిగుతు మొదలై చివరకు పక్షవాతం దాకా వెళ్లవచ్చు.

పళ్ల మీద రాసి ఉన్న చరిత్ర

పళ్ల గార ఎముకల కంటే ముందే కనిపిస్తుంది. దంతంపై పింగాణి పొరను తయారుచేసే కణాలు, పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికి నశిస్తాయి. ఎముకకు ఉన్నట్లు ఆ పొరకు మళ్లీ కట్టుకునే వీలు లేదు. అందువల్ల దంతాలు లోపల రూపొందే దశలో, ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు, తాగిన నీటి గుర్తు జీవితాంతం మిగులుతుంది. సుద్దలాంటి తెల్లటి మచ్చలు, ఆ తర్వాత పసుపు, గోధుమ రంగు అడ్డచారలు రెండు పక్కల పళ్లపై ఒకే తీరులో ఉంటాయి. పాన్, గుట్కా మరకలు పైపైన ఉండి గీకితే పోతాయి. ఇవి పోవు. చిన్నప్పుడు మంచి నీరు తాగి పెద్దయ్యాక ఫ్లోరైడ్ ఊరికి వచ్చిన కోడలి పళ్లు తెల్లగానే ఉండవచ్చు. ఆమె నడుము మాత్రం బిగుసుకుపోవచ్చు. పళ్లు బాగున్నాయని వ్యాధి లేదని తేల్చేయకూడదన్నది ఇక్కడి పాఠం.

సాగర్ నీటి తర్వాత వంకర కాళ్లు

కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనివి. 1967లో కాలువలకు నీరు వదిలారు. కొన్నేళ్లకే ఈ ప్రాజెక్టు పరిసర ప్రాంతాల్లో పిల్లలు, యువకుల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా లోపలికి వంగుతున్నాయని పరిశోధకులు గమనించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో దీన్ని ప్రకటించారు. వెన్నెముక గట్టిపడుతూనే కాళ్ల ఎముకలు పలుచబడటం వారిని ఆశ్చర్యపరిచింది. జలాశయం వల్ల భూగర్భ నీటిమట్టం పెరిగి నేలలోని సూక్ష్మ ఖనిజాల తీరు మారిందని, జొన్నలో మాలిబ్డినం పెరిగి శరీరం నుంచి రాగి ఎక్కువగా పోయిందని ఆ తర్వాత ఒక వివరణ ఇచ్చారు. ఈ వివరణే తుది మాట కాదు. విద్యార్థులు మాత్రం ఒకటి గ్రహించవచ్చు. పొడవాటి ఎముక చివర్లలో ఉండే ఎదుగుదల ఫలకం మూతపడక ముందు జరిగే హాని కాలి ఆకారాన్నే మారుస్తుంది. అది మూతపడ్డాక అదే హాని నొప్పిగా, బిగుతుగా బయటపడుతుంది.

మంచం పక్కన పనికొచ్చేది

ప్రయోగశాల లేకుండానే చేయించగల పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లను తాకమనాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనాలి. చేతులు మడిచి తల వెనుక పెట్టమనాలి. మొదటిది నడుమును, రెండోది మెడను, మూడోది భుజాన్ని, మోచేతిని చెబుతుంది. ఇవి అనుమానానికి మాత్రమే. నిర్ధారణకు ఎక్స్‌రే, మూత్రంలోనూ తాగునీటిలోనూ ఫ్లోరైడ్ పరీక్ష అవసరం. వాతమని, కీళ్ల నొప్పులని ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగినవారు ఎందరో. వాటిలో చాలా రకాలు మూత్రపిండాలకు చేటు. మూత్రపిండం మందగిస్తే ఫ్లోరైడ్ మరింత నిలుస్తుందని పైన చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి.

వ్యాధి ముదిరినవారి సంరక్షణలో జాగ్రత్తలు వేరు. పక్కటెముకలు వెన్నుతో కలిసే కీళ్లు బిగుసుకుంటే ఛాతీ విచ్చుకోదు. రోగి పొట్టతోనే ఊపిరి తీస్తాడు. శ్వాస లెక్కించేటప్పుడు చూపు ఛాతీపై కాక పొట్టపై నిలపాలి. పక్కకు తిప్పేటప్పుడు తల, నడుము, కాళ్లు ఒకే దూలంలా కదలాలి. దానికి ఒకరు చాలరు. శస్త్రచికిత్సకు పంపేవారి మెడ వెనక్కి వంగదన్న విషయం ముందే మత్తు వైద్యుడికి తెలియాలి. శ్వాసనాళంలోకి గొట్టం వేయడమూ, వెన్నులో మత్తు సూది వేయడమూ కష్టమవుతాయి.

బిగుసుకుపోయిన కీళ్లను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. నీటి వనరు మార్చడం, పాలు, ఆకుకూరలు, సి విటమిన్ ఉన్న పండ్లు పెంచడమే దారి. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. మరిగితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుందే తప్ప పోదు. చింతపండు విషయం ఆసక్తికరం. రోజుకు 10 గ్రాములు తీసుకున్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగిందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. అయితే పులుసు తాగితే చాలని రోగికి చెప్పడానికి అది ఆధారం కాదు.

నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. 2016లో నీటి పంపిణీ మొదలైన మిషన్ భగీరథతో ఇళ్లకు నదీజలాలు వస్తున్నాయి. నేల కింది నీటిలో ఫ్లోరైడ్ అలాగే ఉంది. పొలాల దగ్గర బోరు నీళ్లు తాగేవారూ ఉన్నారు. ఆస్పత్రికి వచ్చిన మధ్యవయస్కుడి ఎముకల్లో చేరినది ఆయన బాల్యంలో, యౌవనంలో తాగిన నీరు. అందుకే కేస్ షీటులో ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారన్న ప్రశ్న పక్కన మరో రెండు రాసుకోవాలి. పుట్టి పెరిగిన ఊరేది, భగీరథ నల్లా రాకముందు తాగిన బావి లేదా బోరు ఏది.