తన్ను తాను నిరూపించుకొనే సిద్ధాంతం ఉన్నదా?

యథార్థం ఎట్టిదో వివరించే ప్రతి దర్శనమూ ఒక చిక్కును ఎదుర్కొనవలసి వస్తుంది. ఆ దర్శనం కూడా యథార్థంలో ఒక భాగమే గదా! సమస్తాన్నీ వివరిస్తానన్నది తన్ను తానెట్లు వివరించుకొంటుంది? తనకు తానే సాక్ష్యం చెప్పుకొంటే చక్రకదోషం. వేరొక సాక్ష్యం తెచ్చుకొంటే దానికి మరొకటి, దానికింకొకటి కావలసివచ్చి అనవస్థ ఏర్పడుతుంది. ఇల్మె కలాం పండితులు మొదటిదాన్ని 'దౌర్' అనీ, రెండవదాన్ని 'తసల్సుల్' అనీ పేర్కొన్నారు.

తెలుగునాటికి ఈ చర్చ కొత్తది కాదు. సంప్రదాయం శ్రీపర్వతంతో ముడిపెట్టిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడు (క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతం) 'విగ్రహవ్యావర్తని'లో దీనినే చర్చించాడు. సర్వమూ స్వభావశూన్యమని ఆయన సిద్ధాంతం. ఆ మాట కూడా శూన్యమైతే అది దేన్ని ఖండించగలదని ప్రతిపక్షి ఆక్షేపణ. తన మాట కూడా శూన్యమేననీ, అయినా బండి, కుండ తమ పని చేసినట్లే అదీ తన పని చేస్తుందనీ నాగార్జునుడు బదులిచ్చాడు. పైగా, ప్రమాణాలకు ప్రమాణమేదని ఎదురు ప్రశ్న వేశాడు. నిప్పు ఇతర వస్తువులతోపాటు తన్ను కూడా ప్రకాశింపజేసుకొంటుందన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. నిప్పులో చీకటే లేనప్పుడు అది తనలో పోగొట్టేదేమిటి?

ఇమాం గజాలీ (1058-1111) ఇదే ప్రశ్నను మరో దారిలో ఎదుర్కొన్నారు. కంటికి దీనారమంత కనిపించే నక్షత్రం భూమికంటె పెద్దదని గణితం తేల్చింది. ఇంద్రియాల పొరపాటును బుద్ధి సరిదిద్దినప్పుడు, బుద్ధి పొరపాటును సరిదిద్దేదేది? ఈ సంశయం సుమారు రెండు మాసాలు తన్ను వదలలేదని 'అల్ మున్ఖిజ్ మినద్దలాల్'లో ఆయన వ్రాశారు. దీన్ని వాదంతో తీర్చడానికి వీలులేదు. వాదానికి కావలసిన మూలసూత్రాలే సందేహంలో పడ్డాయి. దేవుడు హృదయంలో ప్రసరింపజేసిన వెలుగువల్లనే వాటిపై నమ్మకం తిరిగి కుదిరిందని ఆయన చెప్పారు.

ఇక్కడ ముస్లిం పాఠకునికి ఒక గట్టి ప్రశ్న తప్పదు. ఖుర్ఆన్ సత్యమనడానికి ఖుర్ఆన్ వాక్యమే ఏకైక ఆధారమంటే అది దౌర్ కాదా? అందుచేతనే ముతకల్లిములు దైవాస్తిత్వాన్ని, ప్రవక్త సత్యసంధతను ముందుగా బుద్ధితో స్థాపించారు. బుద్ధి, వహీ విభేదించినట్లు తోస్తే బుద్ధిని త్రోసివేయరాదనీ, వహీకి సాక్షి అదేననీ ఇమాం ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) వాదించారు. ఇబ్ను తైమియా (1263-1328) దీనికి చక్కని దృష్టాంతంతో జవాబిచ్చారు. ఒక సామాన్యుడు బాటసారికి ముఫ్తీ ఇల్లు చూపించాడు. ఆ తర్వాత ముఫ్తీతో అతడే విభేదిస్తే, దారి చూపినవాడు గనుక అతని మాటే వినాలా? దారి చూపడం వేరు, తీర్పు చెప్పడం వేరు.

ఆధునిక తర్కశాస్త్రం ఈ హద్దును మరింత స్పష్టంగా గీసింది. అంకగణితానికి చాలినంత బలమున్న నియమవ్యవస్థ సంఖ్యల ద్వారా తన్ను గురించి తాను మాట్లాడగలదు; ఇందులో చక్రకదోషమేమీ లేదు. కాని తనలో పరస్పర వైరుధ్యం లేదని, నిజంగా లేనప్పుడు, అది తనలోనే నిరూపించుకోలేదు. కుర్ట్ గోడెల్ 1931లో వెల్లడించిన ఫలితమిది. కనుక తన్ను వర్ణించుకోవడం సాధ్యమే. తనకు తానే పూచీ పడటం సాధ్యం కాదు.

గోదావరిఖని చెంతనున్న జ్యోతినగర్ వాసులకు దీనికి పోలిక దగ్గరలోనే ఉంది. రామగుండం థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో ప్రారంభమయింది. అటువంటి కేంద్రం పూర్తిగా ఆగిపోతే, ఎంత సింగరేణి బొగ్గు పోగుపడి ఉన్నా తనంతట తాను లేవలేదు. బొగ్గును పొడిచేసే మిల్లులకు, పంపులకు, ఫ్యాన్లకు ముందుగా కరెంటు కావాలి. అది బయటి గ్రిడ్ నుండి రావాలి. గ్రిడ్ కూడా చల్లబడితే జలవిద్యుత్కేంద్రం వంటిది ఆదుకోవాలి. అక్కడ నీరు తన బరువుతోనే పడుతుంది గనుక, ఆరంభానికి చిన్న జనరేటరు చాలును. అంతమాత్రాన థర్మల్ కేంద్రం విలువ తగ్గదు. ఊళ్ళను వెలిగించేది అదే.

బుద్ధి సంగతీ అంతే. తన మొదటి ఊపు తాను ఇచ్చుకోలేదని తెలిసినంత మాత్రాన అది పనికిమాలినది కాదు. ఏ సిద్ధాంతమైనా, మతపరమైనదైనా మతాన్ని కాదనేదైనా, దేనిమీద నిలిచి మాట్లాడుతున్నదో చెప్పవలసిందే. అడగవలసిన ప్రశ్న 'నీకు పునాది ఉన్నదా?' అని కాదు, 'నీ పునాదిని ఒప్పుకొంటున్నావా?' అని.