వికటకవిని తిరగేస్తే

తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ఇచ్చిందని చెప్పుకునే బిరుదు 'వికటకవి'. ఎటునుంచి చదివినా అదే మాట. అక్షరాలు వచ్చీరాని పిల్లలను కూర్చోబెట్టి ఈ మాట తిరగేసి చదవమని అడగడం మన ఇళ్లలో పాత సరదా. చిత్రంగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లే ఫ్రెషర్‌ను ఇంటర్వ్యూలో తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే: ఇచ్చిన పదం ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటుందో లేదో చెప్పే ప్రోగ్రాం రాయండి. దీన్ని పాలిండ్రోమ్ ప్రశ్న అంటారు. హైదరాబాద్‌లో కోచింగ్ కేంద్రాలకు పేరుపడిన అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్ల నోట్సుల్లో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. పైథాన్‌లో అయితే ఒక్క వరుస చాలు. పదాన్ని తిరగేయడం, అసలు పదంతో పోల్చడం, అంతే. 'మేడమ్' అన్న మాటను ఇంగ్లీషు స్పెల్లింగుతో ఇస్తే ఆ ప్రోగ్రాం 'అవును' అంటుంది.

అదే ప్రోగ్రాంకు తెలుగులో వికటకవి అని ఇవ్వండి. 'కాదు' అంటుంది.

ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు నేను మొదట చూపించాలనుకునేది ఈ 'కాదు'నే. దీన్ని చూసి కంప్యూటర్‌కు తెలుగు రాదులే అని ముందుకు వెళ్లిపోయే విద్యార్థి ఉంటారు. ఎందుకు కాదంది అని అక్కడే ఆగిపోయే విద్యార్థి ఉంటారు. ఆ రెండో విద్యార్థికి అప్పటికే సగం విద్య వచ్చినట్టు.

కారణం వెతుకుదాం. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, సంఖ్య మాత్రమే తెలుసు. లోకంలోని లిపుల్లో ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణం పేరు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 దాకా ఉన్న 128 గళ్లు మనవి. అందులో 'క' 3093, 'ట' 3103, 'వ' 3125. కానీ 'వి' ఏదని వెతికితే దానికంటూ గడి లేదు. 'వ'కు ఒక సంఖ్య, దాని నెత్తిన పెట్టే గుడికి మరో సంఖ్య 3135. అంటే మనకు ఐదక్షరాలుగా కనిపించే వికటకవి, యంత్రం లోపల ఏడు సంఖ్యల వరుస: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135.

ఈ వరుసను వెనకనుంచి రాయండి: 3135, 3125, 3093, 3103, 3093, 3135, 3125. ముందు గుడి వచ్చింది, అది కూర్చోవడానికి దాని ముందు అక్షరమే లేదు. అటు చివర 'వి' తన గుడిని పోగొట్టుకుని 'వ'గా మిగిలింది. ఆ పోయిన గుడి పక్కనున్న 'క' మీద పడి దాన్ని 'కి' చేసింది. రెండు వరుసలూ ఒకటి కావు కాబట్టి యంత్రం కాదంది. అది తప్పు చెప్పలేదు. మనం అక్షరాలను తిరగేయమని అడిగామనుకున్నాం, నిజానికి సంఖ్యలను తిరగేయమన్నాం. ప్రోగ్రామింగ్‌లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ జాతివే. మనసులో ఉన్నదానికీ రాసిన దానికీ మధ్య తేడా మనకు కనిపించదు, యంత్రానికి మాత్రం రాసిందే ఉంటుంది.

ఇంకొక సంగతి గమనించాలి. ఇదే ప్రోగ్రాంను ఎవరైనా జలజ, కనక, నటన, సరస అన్న మాటలతో పరీక్షించారనుకోండి. నాలుగింటికీ 'అవును' అనే వస్తుంది. అన్నీ తలకట్టు అక్షరాలే కాబట్టి ఒక్కో అక్షరానికి ఒక్క సంఖ్యే ఉంటుంది, తిరగేసినా ఏమీ చెదరదు. నాలుగు పరీక్షలు నెగ్గింది, ప్రోగ్రాం సరైనదే అని సంతకం పెట్టేయొచ్చు. తర్వాత ఎవరో 'పులుపు' అని కొడతారు. కొమ్ములు చెల్లాచెదురై ప్రోగ్రాం కాదంటుంది. 'కునుకు'కూ అదే గతి. టెస్టింగ్ అంటే ప్రోగ్రాం పనిచేస్తోందని చూపించడం కాదు, ఎక్కడ విరుగుతుందో ముందుగా ఊహించి అక్కడ వేలు పెట్టడం. టెస్టింగ్ ఉద్యోగాన్ని తక్కువ రకం పనిగా చూసేవాళ్లు ఈ జలజకూ పులుపుకూ ఉన్న తేడా మీద కాసేపు మనసు పెట్టాలి.

సరిచేయడం ఎలా? సంఖ్యల వరుసను ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోవాలి. వచ్చింది అచ్చో హల్లో అయితే కొత్త అక్షరం మొదలైనట్టు. గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తు అయితే ముందున్న అక్షరానికి తగిలించాలి. ఇలా ముక్కలు చేస్తే వికటకవి ఐదు ముక్కలవుతుంది. ముక్కలను తిరగేసి పోలిస్తే 'అవును' వస్తుంది. 'పులుపు'కూ వస్తుంది. 'సంతసం' ఇస్తే? సున్నకు కూడా విడిగా 3074 అనే సంఖ్య ఉంది. దాన్నీ ముందు అక్షరానికి తగిలించాలని నియమం రాసుకోకపోతే మళ్లీ తప్పే. 'కిటికీ' ఇస్తే కాదంటుంది. కొందరు విద్యార్థులు ఇది కూడా బగ్ అనుకుని కోడ్ మార్చబోతారు. చివర ఉన్నది గుడిదీర్ఘం, ప్రోగ్రాం చెప్పిందే నిజం. ఎప్పుడు ప్రోగ్రాంను అనుమానించాలో, ఎప్పుడు మన కంటినే అనుమానించాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇక ఒత్తులు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరం లోపల నాలుగు సంఖ్యలున్నాయి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. కాబట్టి ముందు పొల్లు ఉంటే తర్వాతి హల్లు కొత్త అక్షరం కాదు, పాతదానికే ఒత్తు అని ఇంకో నియమం చేరుతుంది. ఈ నియమం రాసి హమ్మయ్య అనుకునే లోపు 'సాఫ్ట్‌వేర్' అన్న మాట మరో చిక్కు తెస్తుంది. అందులో 'ట్' తర్వాత 'వే' వచ్చింది, కానీ వ ఒత్తుగా మారలేదు. ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి కూర్చుంది, దాని సంఖ్య 8204. ఇక్కడ కలపవద్దు అని చెప్పడమే దాని పని. తెలుగులో సాఫ్ట్‌వేర్ అని సరిగ్గా టైపు చేసిన ప్రతిసారీ అది మన వేళ్ల కింద ఉంటుంది, మనం చూడం.

ఆ కనిపించని గుర్తు శక్తి ఎంతో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అన్న మన అక్షరంలో ఞ ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య ఆ గుర్తు చేరిన రూపం ఒకటి సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ సందేశం నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే చిక్కుల్లో పడింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. ప్రపంచంలో అత్యంత నైపుణ్యం గల ఇంజనీర్లు రాసిన కోడ్‌లో, ఎన్నో పరీక్షలు దాటుకుని వచ్చిన కోడ్‌లో, మన ఒకటో తరగతి గుణింతం గురించిన ఒక ఊహ తప్పింది. అంతెందుకు, తెలుగు వంటి లిపుల్లో ఒత్తుతో కూడిన అక్షరాన్ని మధ్యలో విడగొట్టకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి 2023లో వచ్చిన 15.1 కూర్పుతో గానీ చేరలేదు. మొదటి కూర్పు తర్వాత ముప్పై రెండేళ్లకు! తన ప్రోగ్రాంలో తప్పు దొరికిందని కుంగిపోయే విద్యార్థికి నేను ఈ రెండు సంగతులూ చెబుతాను. తప్పు రావడం అసమర్థతకు గుర్తు కాదు. దాన్ని దాటవేయడమే అసమర్థత.

ఇంత దూరం రావడానికి ఎన్ని కొత్త మాటలు నేర్చుకోవాలి? తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే, కొంచెం బెరుకుగా అడుగుతారు. పైథాన్ భాష తనకోసం ప్రత్యేకించుకున్న పదాలు 35. సీ భాషకు 1989లో ప్రమాణం కట్టినప్పుడు 32. ఒక్క పూటలో చదివేయవచ్చు. పైథాన్ 3లో చలరాశికి 'లెక్క' అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు, యంత్రం కాదనదు. కష్టం ఇంగ్లీషులో లేదు. 'లెక్క = లెక్క + 1' అన్న వరుసలో ఉంది. బీజగణితం చదువుకున్న బుర్ర ఈ వరుసను ఒప్పుకోదు, ఏ సంఖ్యా తనకన్నా ఒకటి ఎక్కువ కాలేదు కదా. ఇక్కడ ఆ గుర్తు సమానమని చెప్పడం లేదు. కుడివైపు విలువ కట్టి, వచ్చినదాన్ని ఎడమవైపు పేరున్న గడిలో వేయమని ఆజ్ఞాపిస్తోంది. పాత విలువ చెరిగిపోతుంది. ఈ ఒక్క సంగతి స్పష్టం కాక, మూడు నెలల కోర్సు పూర్తిచేసి కూడా చీకట్లో తడుముకునేవాళ్లను చూశాను. కొత్తగా నేర్చుకునేవాళ్ల ఇబ్బందులను 1986లో విశ్లేషించిన బ్రిటిష్ పరిశోధకుడు బెనెడిక్ట్ డు బులే కూడా, యంత్రం లోపల ఏం జరుగుతోందో మనసులో బొమ్మ కట్టలేకపోవడాన్ని ఒక ముఖ్యమైన చిక్కుగా గుర్తించాడు.

ఆ బొమ్మ కట్టుకునే మార్గం మన కాలేజీల్లో పాతకాలం నుంచీ ఉంది. పేరు డ్రై రన్. కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో వరుస తర్వాత ఏ గడిలో ఏ విలువ ఉందో పెన్సిల్‌తో రాసుకుంటూ పోవడం. వీడియో పాఠాలు వచ్చాక ఈ అలవాటు తగ్గిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వీడియోలో ఇంకొకరు వేగంగా టైపు చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఈత చూసినవాడికి ఈత వచ్చినట్టు అనిపించడం లాంటిదే అది.

ఉద్యోగం సంగతికి వద్దాం. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో మధ్యతరగతి కుటుంబాల ఆశ సాఫ్ట్‌వేర్ రంగం మీదే ఉంది. సివిల్, మెకానికల్ చదివినవాళ్లు కూడా హాస్టల్ గది అద్దెకు తీసుకుని కోర్సుల్లో చేరతారు. తాము చదివింది వేరు కదా అన్న దిగులు వాళ్లలో కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో మద్రాసు గిండీ కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజనీరింగ్‌లోనే. కంప్యూటర్ మన మాటను గుర్తుపట్టేలా చేసే పరిశోధనలో దారి చూపి, 1994లో కంప్యూటర్ రంగపు అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆసియా మూలాలున్నవారిలో ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే. చదివిన బ్రాంచి తలుపు మూయదు.

తలుపు మూసేది వేరే ఉంది. చేయని ఉద్యోగాన్ని మూడేళ్లు చేసినట్టు కాగితాలు పుట్టించి ఇస్తామనే కన్సల్టెన్సీలు. ఇంట్లో అప్పుచేసి ఇచ్చిన డబ్బు వాళ్ల చేతిలో పోసినవాళ్లు నాకు తెలుసు. ఇది మోసం, ఇందులో మరో మాట లేదు. విచారణలో బయటపడితే ఉద్యోగం పోతుంది. బయటపడకపోతే ఇంకా ఘోరం. మూడేళ్ల అనుభవం ఉన్నవారికి ఇచ్చే పని చేతికి వస్తుంది, అది చేయలేక ప్రతి రాత్రీ ఇంకొకరిని బతిమాలుకోవాలి.

నిజమైన ఫ్రెషర్‌కు మొదటి ఏడాది ఇచ్చే పని నిజానికి సాధ్యమైన పనే. కొత్త ప్రోగ్రాం మొత్తంగా రాయమనరు. ఎవరో ఎప్పుడో రాసిన వేల వరుసల కోడ్ ముందు కూర్చోబెట్టి ఒక చిన్న టికెట్ ఇస్తారు: ఫలానా ఊరి పేరు కొడితే వెతుకులాటలో దొరకడం లేదు, చూడండి. ముందు ఆ తప్పును తన కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించాలి. తర్వాత ఎక్కడ పుట్టిందో వెతకాలి. మార్చవలసిన వరుసలు రెండే ఉండవచ్చు, వెతకడానికి రెండు రోజులు పట్టవచ్చు. ఏది ఎందుకు మార్చారో, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో నాలుగు ముక్కల్లో నిజాయితీగా రాయాలి. సీనియర్ చదివి ప్రశ్నలు వేస్తారు. వికటకవి దగ్గర ఆగి సంఖ్యలు రాసుకున్న విద్యార్థి ఈ పని అప్పటికే ఒకసారి చేసేశారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, అడిగితే కోడ్ రాసిచ్చే యంత్రాలుండగా నేర్చుకోవడం దేనికని తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. ఆ యంత్రాలను వాడండి, నేనూ వాడుతున్నాను. కానీ అవి ఇచ్చిన జవాబు జలజకు సరిపోయి పులుపు దగ్గర విరిగితే, విరిగిందని పట్టుకునేవారు కావాలి. పులుపుతో పరీక్షించాలన్న ఆలోచన కావాలి. కోడ్ సులువుగా పుట్టే కొద్దీ దాన్ని చదివి తేల్చగలిగినవారి అవసరం పెరుగుతుందనే నా అభిప్రాయం.

కాబట్టి కోర్సు ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. ఒక కాగితం తీసుకుని మీ పేరును తెలుగులో రాయండి. గుడులు, కొమ్ములు, ఒత్తులు, సున్నలు విడదీసి, యంత్రం లోపల అది ఎన్ని సంఖ్యలవుతుందో పెన్సిల్‌తో లెక్కకట్టండి. ఆ తర్వాత పైథాన్ తెరిచి, మీ పేరు ఇచ్చి, పొడవెంతో అడగండి. రెండు సంఖ్యలూ కలవకపోతే కంప్యూటర్ మూయకండి. ఎందుకు కలవలేదో తేలేదాకా అక్కడే కూర్చోండి.