గాజుపెట్టెలో బిడ్డ... గుమ్మంలో అమ్మ
నెలలు నిండని పాపాయిలకు తల్లి ఒడీ వైద్యమే

పోచంపల్లి: పురుడంటే ఇంటినిండా సందడి. వేణ్నీళ్లు, సాంబ్రాణి పొగ, ఉయ్యాల, చూసిపోయే చుట్టాలు. నెలలు నిండకముందే కాన్పయితే ఇవేవీ ఉండవు. బిడ్డను తీసుకుని కృష్ణగిరికో, ధర్మపురికో పెద్దాసుపత్రికి పరుగు తీయాలి. బిడ్డ ఇంక్యుబేటర్‌లో, తల్లి బయట బెంచీ మీద. పాలు చేపుకొస్తుంటాయి, ఒళ్లో బిడ్డ ఉండదు. తను తల్లి అయిందో లేదో ఆమెకే తెలియని స్థితి.

నావల్లేనా?
37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డే. రక్తపోటు, ఇన్‌ఫెక్షన్, కవలలు... కారణాలు ఎన్నో. చాలాసార్లు కారణమే తెలియదు. అయినా 'తోటలో పనికి పోయినందుకేనా, బిందె ఎత్తినందుకేనా' అని తల్లి తననే తిట్టుకుంటుంది. అత్తింటివాళ్లు తలో మాట అంటే ఆ దిగులు రెట్టింపవుతుంది. గొట్టాలు, తీగల మధ్య ఉన్న గుప్పెడు బిడ్డను ముట్టుకోవాలన్నా భయమే.

తొలి పని పాలు పిండడం
ఈ బిడ్డలు చాలామందికి మొదట్లో చప్పరించే శక్తి ఉండదు. తల్లి రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఇవ్వాలి. మొదట చుక్కలే వస్తాయి. అవే ముర్రుపాలు, బిడ్డకు తొలి రక్ష. ముందు గొట్టంతో, కాస్త కోలుకున్నాక ఉగ్గుగిన్నెతో పడతారు. ఇక్కడి నర్సులు దాన్నే 'పాలాడై' అంటారు. తను పిండిన పాలు బిడ్డ గుటకేయడం చూశాక చాలామంది తల్లులకు ధైర్యం చిక్కుతుంది.

గుండెకు హత్తుకుంటే...
ఇంక్యుబేటర్లు చాలని కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో డాక్టర్ ఎడ్గార్ రే ఒక దారి కనిపెట్టారు. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచడమే. అదే కంగారూ సంరక్షణ. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే ఇలా మొదలుపెడితే తక్కువ బరువు బిడ్డల మరణాలు దాదాపు 25 శాతం తగ్గాయని తేలింది. రోజుకు కనీసం 8 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. తండ్రి, అవ్వ కూడా ఎత్తుకోవచ్చు.

అంటే తల్లి వేళకు వచ్చి అద్దంలోంచి చూసిపోయే చుట్టం కాదు. వైద్యంలో ఆమెదీ సగం పని. ఆమెకు బిడ్డ పక్కనే మంచం, వేళకు అన్నం, అర్థమయ్యే భాషలో నాలుగు మాటలు... ఇవీ మందులంత అవసరమే.

ఇంటికొచ్చాక మరిచిపోవద్దు
* 2 కిలోలు, అంతకన్నా తక్కువ బరువుతోనో, 34 వారాల లోపో పుడితే 30 రోజుల్లోగా కంటి పరీక్ష తప్పనిసరి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. ఆలస్యమైతే చూపు పోవచ్చు.
* పక్కింటి బిడ్డతో పోల్చొద్దు. కాన్పు కావాల్సిన తేదీ నుంచి వయసు లెక్కించాలి.
* తల్లికి రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఆసుపత్రిలో బిడ్డకు ఇంకా పేరుండదు. కాలికి కట్టిన పట్టీ మీద ఉండేది తల్లి పేరే. ఆ పేరు గల మనిషిని లోపలికి రానివ్వాలి.